కాచమ్మ బొమ్మలకు భట్టుగారి భాష్యం

మందారపురం రాజు వీరనరేంద్రుడికి ఒకనాటి ఉదయం సరదా పుట్టింది. ఆస్థాన చిత్రకారిణి కాచమ్మ గీసిన సొగసుకత్తెల బొమ్మలు మూడింటిని కొలువులో పెట్టించి, వాటి అంతరార్థం విప్పి చెప్పినవారి కాలికి గండపెండేరం తొడుగుతానన్నాడు.

అర్థాలు చెప్పడమంటే విశ్వంభర భట్టుగారికి పండగే. ఉప్పుగల్లులోనూ వేదాంతం తీయగల మనిషి. ఉత్తరీయం సర్దుకుని అందుకున్నాడు.

మొదటి బొమ్మలో జరీచీర సుందరి కళ్లు అరమోడ్చింది. అది సమాధి స్థితి అన్నాడు. రెండో ఆమె రవ్వల కమ్మ సర్దుకుంటున్నట్టు చెవి మీద చెయ్యి వేసుకుంది. అది లోపలి నాదాన్ని వినడమట. రాజు తల ఊపాడు. రాజు ఊపాడు కాబట్టి కొలువంతా ఊపింది.

మూడో బొమ్మ దగ్గర భట్టు ఆగాడు. తనను పడుచువాడిలా గియ్యమంటే కాచమ్మ ఒప్పుకోలేదన్న కోపం ఆయనకు ఇంకా చల్లారలేదు. ఆ బొమ్మలోని స్త్రీ మొహం అటు తిప్పుకుంది. ముత్యాల కొప్పు తప్ప ఏమీ కనిపించదు.

"ఇది సింహాసనం మీద ఏవగింపు, ప్రభూ. ఇలా మొహం తిప్పినవాళ్లదీ, గీసినవాళ్లదీ ఒకటే నేరం. రాజద్రోహం."

రాజు మొహం మాడిపోయింది. సంజాయిషీ ఇవ్వకపోతే సాయంత్రానికల్లా ఊరు విడిచి పొమ్మని కాచమ్మను ఆజ్ఞాపించాడు. చూసిందే గీశానంది ఆమె. ఎక్కడ చూశావంటే పెదవి విప్పలేదు. పక్కనున్న తెర వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

విదూషకుడు బయ్యన ఆ చూపు పట్టేశాడు. ప్రతి పున్నమికీ మధ్యాహ్నం భట్టుగారి ప్రసంగం ఉంటుంది. అంతఃపుర స్త్రీలు ఆ తెర వెనుక కూర్చుని వినితీరాలి, అది ఆనవాయితీ. కాచమ్మ చోటూ వాళ్ల మధ్యనే. పిచ్చిది, ఎవరి గుట్టు కాపాడటానికి ఊరు వదులుకుంటోందో తెలిసి బయ్యనకు జాలేసింది. భట్టుగారిని చూస్తే మాత్రం నవ్వొచ్చింది.

"ఇవాళ పున్నమే కదా, ప్రభూ. ప్రసంగం కానివ్వండి. ఆ మొహం తిప్పిన మనిషిని నేను చూపిస్తాను."

రాజు సరేనన్నాడు. మధ్యాహ్నం తెర వెనుక గాజులు గలగలలాడాయి. భట్టు విజృంభించాడు. ఎక్కడ మొదలుపెట్టాడో ఆయనకే గుర్తులేని చోటికి ప్రసంగం చేరాక, బయ్యన పిల్లిలా వెళ్లి తెర తాడు లాగాడు.

జరీచీర ఆవిడ కూర్చునే కునుకు తీస్తోంది. రవ్వల కమ్మల ఆవిడ చెవి గట్టిగా మూసుకుంది. నడుమ ఎత్తైన పీట మీద, ముత్యాల కొప్పుతో, కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నది సాక్షాత్తూ పట్టపురాణి.

భట్టు గొంతు ఆగిపోయేసరికి రాణి ఇటు తిరిగింది.

"అయిపోయిందా?"

బయ్యన చేతులు కట్టుకున్నాడు.

"కాచమ్మ బొమ్మలకు ప్రేరణ భట్టుగారే, ప్రభూ. ఇక రాజద్రోహి ఎవరో కూడా ఆయన నోటితోనే సెలవిప్పించండి."

భట్టు ఉత్తరీయం సర్దుకోబోయి జార్చుకున్నాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్లూ ఈ ప్రసంగాల్లో తానూ కళ్లు తెరుచుకుని నిద్రపోయానని ఒప్పుకున్నాడు. శిక్ష రద్దుచేసి, గండపెండేరం బయ్యన కాలికి తొడిగి, భట్టుగారిని ఉన్నవాడిని ఉన్నట్టు గియ్యమని కాచమ్మను ఆజ్ఞాపించాడు.

"మరి ఆ బొమ్మకు అర్థం ఎవరు చెబుతారు, బయ్యనా?"

"అక్కర్లేదు ప్రభూ. చూడగానే తెలిసిపోతుంది."