పిల్ల తండ్రి నెత్తిన పాగా

అనగనగా అనే మాటకంటే వారం ముందు జరిగిన సంగతి ఇది. నమ్మేవాళ్లు దగ్గరికి జరగండి. నమ్మనివాళ్లు మరీ దగ్గరికి జరగండి.

కొండకింద ఊళ్లో ఓబులేసు ఉండేవాడు. పెళ్లికొడుకులకు పాగా చుట్టడం వాడి పని. మూడూళ్ల పెళ్లిళ్లకూ వాడి ఎర్రపాగా ఒక్కటే. పెళ్లి కాగానే దాన్ని మడిచి అటకమీది కుండలో దాచేవాడు. ఒక ఏడు ఆ కుండలో పిడికిలంత బొచ్చు సాలీడు కాపురం పెట్టి, పాగా నిండా దురదబొచ్చు రాల్చింది. ఓబులేసుకు తెలియదు పాపం.

ఆ ఏడే ఊళ్లో నారప్ప పెళ్లి. ఓబులేసు పాగా తెచ్చాడు, దులపకుండా చుట్టాడు. తాళి కట్టబోతూ నారప్ప నుదురు గోక్కున్నాడు, మెడ గోక్కున్నాడు, తాళి పట్టుకున్న చేత్తోనే వీపు గోక్కున్నాడు.

పిల్ల తండ్రి బయపరెడ్డి లేచాడు.

"ఆపండప్పా మేళం! ఈ పిల్లోనికి గజ్జి ఉండాది. నా కూతుర్నియ్యను!"

నారప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓబులేసు గబగబా ముందుకొచ్చాడు. తన వేళ్లూ దురద పెడుతున్నాయి మరి.

"గజ్జి కాదు రెడ్డీ, నా పాగాలోనే ఏదో ఉండాది" అంటూ దాన్ని తీసి నారప్ప తండ్రికి పెట్టాడు. ఆయన గోక్కున్నాడు.

"సూస్తిరా, ఇంటిల్లిపాదికీ గజ్జే!" అన్నాడు బయపరెడ్డి.

పురోహితుడికి పెట్టాడు. ఆయన మంత్రం మధ్యలో గోక్కున్నాడు.

"ఈయప్పదీ ఈ ఊరే కదా!" అన్నాడు బయపరెడ్డి.

ఓబులేసు ఇంక ఆలోచించలేదు. పాగా తీసి బయపరెడ్డి నెత్తినే పెట్టేశాడు. ఆయన పళ్లు బిగించాడు. మీసం వణికింది. చెవి అదిరింది. చివరికి రెండు చేతులా గోక్కున్నాడు.

"నాయనా, నీక్కూడానా?" అంది పెళ్లికూతురు సుంకులమ్మ.

పందిరంతా పగలబడి నవ్వింది. మేళం మోగింది, మూడుముళ్లూ పడ్డాయి.

ఓబులేసు మాత్రం ఇంటికి పరుగెత్తి, అసలు సంగతేమిటో చూద్దామని కుండలో చెయ్యి పెట్టాడు. సాలీడు బొటనవేలు కరిచింది. చెయ్యి వాచింది, ఒళ్లంతా కొంకర్లు పోయింది. పోతాడేమోనని ఊరు ఊరంతా మంచం చుట్టూ చేరి ఏడ్చింది. మూడోనాడు కళ్లు తెరిచి, "పెండ్లి బువ్వ మిగిలిందా?" అన్నాడు. ఆ తర్వాత ఎన్నో పెళ్లిళ్లు చూసి, పండు ముసలివాడయ్యాకే పోయాడు. ఎంత మంచివాడో!

ఇప్పటికీ ఆ మూడూళ్లలో పాగాను మూడుసార్లు దులుపుతారు. "ఓబులేసా, సూడప్పా!" అని అరిచి, ముందు పిల్ల తండ్రికి పెడతారు. ఆయన గోక్కోకపోతేనే అది పెళ్లికొడుకు నెత్తికెక్కేది. పాగా ఎంత శుభ్రంగా ఉన్నా, ఆ కాసేపూ ప్రతి మామకూ చెవి వెనక ఏదో పాకినట్టే ఉంటుందట.