సుంకమ్మ జెముడు

ఈ గుట్టకు ఇంకా ఎవరూ పేరు పెట్టని కాలం. గుట్ట కింద ఒక పల్లె. ఆ పల్లెలో ఒక ముసలామెకు ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు గంగులమ్మ. చిన్నకోడలు సుంకమ్మ.

గంగులమ్మకు మిద్దె ఉంది, ఎద్దులున్నాయి, మొగుడున్నాడు. సుంకమ్మకు మొగుడు పోయాడు. ఊరి చివర గుడిసె, నాలుగు మేకలు, గుడిసె వెనక ఒక జెముడు చెట్టు. అంతే ఆమె ఆస్తి.

ఆ జెముడు మాను కట్టి, అరచేతుల్లాంటి మందపాటి మట్టలు వేసి, రెండు నిలువుల ఎత్తు పెరిగింది. ఒకప్పుడు గుట్ట నిండా అలాంటివే. వరసగా మూడేళ్ళు వాన పడలేదు. జనం జెముళ్ళు నరికి, ముళ్ళు కాల్చి పశువులకు వేశారు. నరికినవాళ్ళు తిరిగి నాటలేదు. చివరికి ఈ ఒక్కటే మిగిలింది.

దానికి ఎర్రటి పండ్లు కాసేవి. సుంకమ్మ వెంపలి కొమ్మతో నూగుముళ్ళు దులిపేది. పండును చీల్చి, లోపల నక్షత్రంలా ఉండే ముల్లును గోటితో తీసేది. అడిగినవాళ్ళ చేతిలో పెట్టేది. ఆ కరువులో ఊళ్ళో ఏ నోరు చూసినా ఎర్రగానే ఉండేది.

అత్త మిద్దెలో సంకటి తిని, కర్ర పట్టుకుని గుడిసెకు పోయేది. నోరు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చేది.

"ఎట్లుందత్తా పండు?" అని అడిగింది గంగులమ్మ.

"చల్లగా ఉందిమే. దాని చెయ్యే చల్లంది."

గంగులమ్మ కడుపులో మిరపకాయ పడింది. గుడిసెకు పోయింది.

"ఏమే సుంకీ, నాకూ ఒక మట్ట ఇయ్యి. నా పెరట్లో చెట్టుంటే తప్పా?"

"తప్పేముందక్కా" అని సుంకమ్మ మంచి మట్ట చూసి విరిచిచ్చింది.

గంగులమ్మ దాన్ని ఆ గడియలోనే నాటింది. కోసెడు దూరం నుంచి మోసుకొచ్చి పొద్దున ఒక కడవ, సాయంత్రం ఒక కడవ నీళ్ళు పోసింది. తొమ్మిదో రోజుకు మట్ట నల్లబడి కుళ్ళింది.

మళ్ళీ పోయింది. "నీదెట్ల బతికిందే?"

"గాయం ఆరాలక్కా. విరిచిన మట్టను నీడన పడెయ్యి. మూడు రోజులు దాని మొహం చూడొద్దు. ఆనక నాటు. నీళ్ళు పొయ్యొద్దు."

"మొక్కను ఎండబెట్టి నాటమంటావా? నా మొహం చూస్తే వెర్రిదాన్లా ఉందా?"

సుంకమ్మ ఇంకో మట్ట విరిచిచ్చింది.

ఇది అసలు కిటుకు దాచిపెడుతోంది, ఊళ్ళో చెట్టు తనకొక్కదానికే ఉండాలని, అనుకుంది గంగులమ్మ. ఈసారి ఎరువు వేసి, పూటకు రెండు కడవలు పోసింది. ఆరో రోజుకే కుళ్ళింది. ఆ రోజు కూడా అత్త ఎర్రటి నోటితో వచ్చింది. గంగులమ్మ కడుపులో మిరపకాయ పడింది.

మూడోసారి ఆమె మట్ట అడగలేదు. సుంకమ్మ మేకల వెంట పోయాక గొడ్డలి తీసుకుపోయింది. మిట్టమధ్యాహ్నానికి చెట్టు నేల మీదుంది.

సాయంత్రం సుంకమ్మ వచ్చి మొద్దును చూసింది. గోడ పక్కన నిలబడిన తోడికోడలి అరచేతులు చూసింది. వాటి నిండా నూగుముళ్ళు. తిడుతుందని గంగులమ్మ ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"చేతులకు ఆముదం రాసుకో అక్కా" అంది సుంకమ్మ. "ముళ్ళు మెత్తబడతాయి."

మర్నాడంతా ఎండలో ఆమె ఒక్కొక్క మట్టనే కోసి, మోసి, మేకల కొట్టం నీడలో పరిచింది. వడదెబ్బ తగిలింది. మట్టలు పరిచిన మూడో రోజు పొద్దున లేవలేదు.

ఊరంతా వచ్చింది. అత్త గుండెలు బాదుకుంది. గంగులమ్మ ఒక మూల నిలబడి తలలు లెక్కపెట్టింది. నేను పోతే ఇంతమంది వస్తారా, అనుకుంది.

అందరూ పోయాక మొగుడు కొట్టంలోకి తొంగిచూశాడు. "ఈ మట్టలు కాల్చి ఎద్దులకు వేద్దామా?"

గంగులమ్మ ఒక మట్టను తిప్పి చూసింది. కోసినచోట తడి లేదు. గాయం మీద పొర కట్టింది. సుంకి నిజమే చెప్పింది.

"చెయ్యి వెయ్యొద్దు" అంది మొగుడితో.

మట్టలన్నీ మోసుకుపోయి గుట్ట మీద నాటింది. చెట్లు లేస్తే అవి దాని చెట్లే అంటారని తెలుసు. తెలిసే నాటింది. రోజూ ఎక్కి చూసొచ్చేది. నీళ్ళు మాత్రం పొయ్యలేదు.

ఆ ఏడు వాన పడింది. మూడేళ్ళకు గుట్ట ఎర్రబడింది. ఊరంతా ఎక్కింది. ఎవరి నోట విన్నా "సుంకమ్మ పండ్లు" అనే మాటే.

"నాటింది నేను" అంది గంగులమ్మ.

"నువ్వే" అంది అత్త. "నరికింది ఎవరే?"



"అయితే చచ్చినా పేరు దానిదేనా? నాకేమీ లేదా?"

ముసలామె ఒక పండు చీల్చింది. లోపలి నక్షత్రపు ముల్లును గోటితో తీసి కోడలి అరచేతిలో పెట్టింది. "ఇది నీది."

గంగులమ్మ దాన్ని పారెయ్యలేదు. చెట్టు మొదట్లో మట్టి తీసి, అందులో పెట్టి కప్పింది.

"సరే" అంది. "దాని ప్రతి పండులోనూ నేనుంటాను."

ఇప్పుడది సుంకమ్మ గుట్ట. మట్ట విరిస్తే మూడు రోజులు నీడన పడేసి నాటుతారు. పండు చీలిస్తే ముల్లు తీసి, చెట్టు మొదట్లో పూడ్చి, "గంగులమ్మా, నీది నువ్వు తీసుకో" అంటారు. ఆ తర్వాతే సుంకమ్మను తలచుకుని తింటారు. అలా కాకుండా తింటే ముల్లు గొంతులో పడుతుందట. ఎవరి పేరు ముందు పలుకుతారోనని గంగులమ్మ ఇప్పటికీ చెవి ఒగ్గి వింటూ ఉంటుందట. అందుకని ఆమె పేరే ముందు పలుకుతారు.