రాజుగారి బోయీలను లాక్కున్న మేస్త్రి

ఒకానొక రాజ్యంలో దిగ్విజయ భూపతి అని ఒక రాజు. ఒక్క యుద్ధమూ గెలవలేదు గానీ పేరు మాత్రం అదే. ఆయనకి కట్టడాల పిచ్చి. ఎటు చూసినా మేడలు, మండపాలు, ధాన్యపు కొట్లు లేస్తూనే ఉండేవి.

ఆ ఊళ్లోనే ఓబన్న అని ముసలి మేస్త్రి. అతను కట్టిన గోడలో వెంట్రుకంత వంకర ఉండదు. ఉంటే తనే పడగొట్టి మళ్లీ కడతాడు. అలాంటి మనిషి. తన పాకలో సొంత ఖర్చుతో తిండి పెట్టి, మూడేసి ఏళ్లు కొత్తవాళ్లకి పని నేర్పేవాడు. పని చేతికొచ్చిందో లేదో, గుత్తేదార్లు కాస్త కూలి పెంచి వాళ్లని ఎగరేసుకుపోయేవారు. తాము మాత్రం ఒక్కడికీ నేర్పరు. పనిమంతులు చాలకపోతే దారిన పోయేవాణ్ణి తెచ్చి పరంజా ఎక్కించేవారు. చివరికి ఓబన్నకి పాక మూసుకునే గతి పట్టింది.

అదే నెలలో కొత్తగా కడుతున్న ధాన్యపు కొట్టు దగ్గర వెదురు పరంజా ఒరిగి, పెంచలయ్య అనే కూలి పడి చనిపోయాడు. ఆ వెదుళ్ల ముడులు పట్టి చూశాడు ఓబన్న. చేతకానివాడు కట్టిన ముడులు. తిన్నగా సభకి పోయాడు.

“ప్రభూ, కట్టించే ప్రతివాడూ ఖర్చులో నూటికొక పాలు పని నేర్పడానికి ఇచ్చేలా సుంకం పెట్టండి. అందరూ ఇస్తే అందరికీ పనిమంతులుంటారు.”

పెద్ద గుత్తేదారు లేచాడు. వాడి పేరు నేను చెప్పను, నోటికి మంచిది కాదు.

“ముసలాడికి పాక గడవక మా మీద పడ్డాడు మహారాజా! రాయి మీద రాయి పెట్టడానికి బడి కూడానా?”

సభంతా నవ్వింది. రాజు మీసం దువ్వి సెలవిచ్చాడు: “నేర్పినవాడి ఖర్చు నేర్పినవాడిది. ఎక్కువ కూలి ఇచ్చినవాడిదే మనిషి. ఇదే మా తీర్పు.”

“చిత్తం. ఈ తీర్పు అందరికీనా ప్రభూ?”

“రాజ్యంలో అందరికీనూ!”

ఓబన్న దణ్ణం పెట్టి ఇంటికెళ్లి, తనకి మిగిలిన ఒక్క ఆవునీ అమ్మేశాడు.

పది రోజులు గడిచాయి. రాజు ఊరేగింపుకి బయల్దేరబోతే పల్లకీ మోసే ఆరుగురు బోయీల్లో నలుగురు లేరు. వాళ్ల బదులు కాపలాభటులు భుజం పట్టారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, అడుగు కలవదు. కోట గుమ్మం దాటకముందే పల్లకీ ఒరిగింది. జనమంతా చూస్తుండగా కిరీటం దొర్లుకుంటూ పోయింది.

“నా బోయీలెక్కడరా?” అని అరిచాడు రాజు.

“ఓబన్న మేస్త్రి దగ్గర ప్రభూ. రెట్టింపు కూలి ఇస్తానన్నాడట.”

ఓబన్నని సభకి ఈడ్చుకొచ్చారు.

“నెత్తిన నీళ్లకుండ పెట్టి, చుక్క ఒలక్కుండా నడవడం రెండేళ్లు నేర్పించాను! నెయ్యన్నం పెట్టాను! నా మనుషుల్ని లాక్కోడానికి నీకు హక్కెవడిచ్చాడు?”

“ఏలినవారే ఇచ్చారు. నిండు సభలో.”

రాజు చెయ్యి తన కిరీటం మీదికి పోయింది.

ఓబన్న తల దించలేదు. “పల్లకీ ఒరిగితే తమ కిరీటం దొర్లింది. తీసి మళ్లీ పెట్టుకున్నారు. పరంజా ఒరిగితే పెంచలయ్య దొర్లాడు. ఆ మనిషిని తీసి అతని పెళ్లాంబిడ్డలకి ఎవరిస్తారు ప్రభూ?”

రాజు లేఖకులకేసి తిరిగాడు.

“రాయండి,” అన్నాడు. “కట్టించే ప్రతివాడూ నూటికొక పాలు ఓబన్న పాకకి ఇవ్వాలి.”

“నాకా పాకతో పనిలేదు మహారాజా!” అన్నాడు పెద్ద గుత్తేదారు.

“మంచిది. అక్కడ నేర్చుకుని నీ దగ్గర చేస్తున్న ముప్పైమందినీ రేపు పొద్దున పంపెయ్యి,” అన్నాడు ఓబన్న.

“నూటికొక పాలేగా, ఇస్తాన్లే,” అని గుత్తేదారు గబుక్కున కూర్చున్నాడు.

“సరేనయ్యా,” అన్నాడు రాజు, గొంతు తగ్గించి. “ఇక నా బోయీల్ని నాకిచ్చెయ్.”

“తప్పకుండా ప్రభూ. కాకపోతే ఈ పది రోజులూ వాళ్లకి పరంజా కట్టడం నేర్పాను. తమకిప్పుడు రెండు పనులొచ్చిన మనుషులు దొరుకుతున్నారు. మరి తమరూ కట్టించేవారే కదా.”

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి బంగారు కడియం ఊడదీసి ఓబన్న చేతికి తొడుగుతూ అన్నాడు: “ఇది నీకు బహుమానం. సుంకంలో మొదటి పాలు సాయంత్రానికి పాకకి పంపిస్తాను. అదీ నాదే!”