గంప కింద పుంజు

నూకరత్నానికి ముప్పై మూడేళ్లు. ఎవరింటికి వెళ్లినా, చివరికి తన ఇంట్లో కూడా, గుమ్మం పక్కనే కూర్చునేది.

ఆ ఇల్లు ఆమెదే. మొగుడు పోయాక ఏడేళ్లపాటు జీడిపిక్కలు ఒలిచి, ఆ జీడికి వేళ్లు నల్లగా మాడ్చుకుని, రెండు గదులకి పెంకు వేయించుకుంది. అతనున్నన్నాళ్లూ ఇంటి నడిమధ్య కూర్చోనివ్వలేదు. పోయాక ఆమెకి కూర్చోవాలని తోచలేదు. మధ్యాహ్నాలు మాతోపాటు ఎస్తేరు పంతులమ్మగారి వసారాలో కుట్టు నేర్చుకునేది. ఆడదాని విముక్తి రవికెకి కాజాలు కుట్టడంతో మొదలవుతుందని ప్రభుత్వం నమ్మిన రోజులవి. అయిదుగురం మేము, రెండు మిషన్లు. మిషన్ నూనె, కోళ్లకి తడిపిన తవుడు, ఆ రెండూ కలిసిన వాసన ఈనాటికీ ఎక్కడైనా తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి.

పంతులమ్మగారు అడిగిన ప్రశ్నకి అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. చేతిలో ఉన్న పని వంక చూసేవారు, జవాబు అందులోనే ఎక్కడో పడిపోయిందన్నట్టు.

ఒకరోజు నూకరత్నం సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అడిగింది.

"పంతులమ్మగారూ, సూరిబాబు నన్ను చేసుకుంటానంటన్నాడు. మా ఇంటికే వచ్చి ఉంటాడంట. మంచి మనిషే. నాకూ ఇష్టమే. కానీ ఆ మనిషి గుమ్మం దాటి లోపలికొచ్చాక ఇల్లు నాదిగా ఉంటాదా, తనదైపోద్దా?"

సూరిబాబు పడవలు బాగుచేసే వడ్రంగి. భార్య పోయి మూడేళ్లు. వాళ్లిద్దరూ సంతలో ఒకే కొట్టు ముందు ఏ పనీ లేకుండా ఆగుతారని మాకందరికీ తెలుసు. అందుకే ఎవరం నవ్వలేదు.

పంతులమ్మగారు పెరటి వంక చూశారు. "పాత పుంజుని ముంగిస ఎత్తుకుపోయింది కదా. మొన్న పొదగేసిన పదమూడు గుడ్లూ మురిగిపోయాయి. రేపు సంత నుంచి కొత్త పుంజు వస్తోంది. దాన్ని పెట్టల్లో కలిపే పని నీది."

"పుంజు లేకుండానే గుడ్లు పెట్టాయాండీ?" అంది మాలో ఒకావిడ.

"గుడ్డుకి పుంజుతో పనేమిటి? పిల్లలు కావాలంటేనే," అని పంతులమ్మగారు మళ్లీ కత్తెర తీసుకున్నారు.

మర్నాడు ఎర్రని పుంజు వచ్చింది. గుమ్మం దాటి వచ్చిన మగప్రాణికి మనవాళ్లు ఏం చేస్తారో నూకరత్నం అదే చేసింది. మర్యాద చేసింది. కాళ్ల తాడు విప్పి, నీళ్లు పెట్టి, పెరటి మధ్యలో చోడిగింజలు పోసింది. ఏడు పెట్టలూ రోజూ లాగే ఉరికి వస్తే చీపురు తిరగేసి తోలింది.

"పొండే అవతలికి! కొత్తది, బెదిరిపోద్ది. ముందు దాన్ని తిననీండి."

"కాళ్లు కూడా కడిగెయ్యవే నూకా!" అని వసారాలోంచి నవ్వాం. నవ్వాం కానీ, ఆ చీపురు మా చేతిలో ఉంటే మేమూ తోలేవాళ్లమే.

మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజుకి పుంజుకి సంగతి అర్థమైంది. తవుడు చిప్ప దగ్గరికి ఏ పెట్ట వచ్చినా పొడిచేది. పెద్దదైన నల్ల పెట్ట గోడ దూకి పక్కవాళ్ల గడ్డివాములో గుడ్డు పెట్టుకుంది. మిగతావి పెట్టడమే మానేశాయి.

"ఇది మంచి పుంజు కాదండీ, మార్చేద్దారి," అంది నూకరత్నం.

"పుంజుకేమైందీ? పెట్టల్ని తోలింది నువ్వు కదే," అన్నారు పంతులమ్మగారు.

నూకరత్నం చేతిలోని చీపురు వంక చూసుకుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చాలాసేపు పట్టుకునే నిలబడింది.

పంతులమ్మగారు అటకమీంచి పాత వెదురు గంప దింపి, పుంజుని పట్టి పెరటి మూల దాని కింద మూశారు. పైన రాయి పెట్టారు. లోపల ఇన్ని నీళ్లు, గుప్పెడు చోళ్లు. పెట్టల మేత ఎప్పుడూ పోసే చోటే పోశారు. మొదటి రోజు పుంజు కూసిన కూతలకి మిషన్ చప్పుడు వినిపించలేదు. మూడో రోజుకి నోరు మూసింది. వెదురు సందుల్లోంచి చూడటం మొదలుపెట్టింది: ఎవరు ముందు తింటారు, ఎవరు ఎక్కడ పొర్లుతారు, ఏ మూల నల్ల పెట్టది. పెట్టలు తమంతట తామే గంప చుట్టూ తిరిగాయి. ఒకటి దానికి ఆనుకుని కునుకు కూడా తీసింది.

ఎనిమిదో రోజున నూకరత్నమే గంప ఎత్తింది. మేం మిషన్లు ఆపేశాం. పుంజు రెక్కలు దులుపుకుని నాలుగడుగులు వేసింది. మట్టి గీకింది. పురుగు దొరికితే మింగకుండా, ముక్కు నేలకి ఆనించి, కొక్ కొక్ మని పిలిచింది. పెట్టలేవీ ఉరికి రాలేదు. కాసేపటికి నల్ల పెట్ట తీరిగ్గా వచ్చి, పురుగు తిని, తన మూలకి వెళ్లిపోయింది. పుంజు ఇంకోచోట గీకడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పొదగేసిన పదమూడింటిలో పదకొండు పిల్లలయ్యాయి.

గంప ఎత్తిన రోజున మాత్రం నూకరత్నం దాన్ని చంకన పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "నేనడిగినదానికి మీరు చెప్పనే లేదండీ," అంది.

పంతులమ్మగారు రవికె గుడ్డ మీద సుద్దతో గీత గీస్తున్నారు. "ఆ గంప ఇప్పుడు ఖాళీయేగా. కావాలంటే పట్టుకెళ్లు," అన్నారు. "పనయ్యాక తెచ్చిచ్చెయ్."

ఆ మాఘమాసంలో నూకరత్నం సూరిబాబుని చేసుకుంది. గంప తిరిగి ఇవ్వలేదు.