వీరవేణి ఇల్లు షెడ్డయిన వైనం

"మేడంగారూ, అసలు ఇల్లంటే ఏమిటండీ?" అని అడిగాడు శేషసాయి.

తెలియక అడగలేదు, ఒళ్ళు మండి అడిగాడు. నలుగురూ చేరి ఇంటర్నెట్‌లో గీసుకునే పటంలో తమ ఊరి కట్టడాలకి రకాలు రాసే పని నెత్తికెత్తుకున్నాడు. మేడ, పెంకుటిల్లు, అపార్ట్‌మెంటు, షెడ్డు అంటూ పిచ్చుకగూటిని కూడా వదలకుండా రాసేశాడు. కాలవగట్టు మీద వీరవేణి ఉంటున్న చోటే బండి ఆగింది. తడికె గోడలు, రేకుల కప్పు. నియమం ప్రకారం అది షెడ్డు. అతను షెడ్డని రాస్తాడు, వీరవేణి ఫోను తీసి ఇల్లని దిద్దుతుంది. మళ్ళీ అతను, మళ్ళీ ఆమె. ఆ దిద్దుళ్ళకి పటం అరిగి చిల్లు పడుతుందేమో అన్నట్టుంది. పంతం ఊరికే పట్టలేదు వీరవేణి. ఈ వేసవిలో మునిసిపాలిటీ వారు ఆ పటాన్ని బట్టే కుళాయిలు వేస్తారు, అదీ ఇళ్ళకి మాత్రమే.

శేషసాయికి పటాలు గీయడం నేర్పిన గురువు మాణిక్యాంబ. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం ఆవిడ జాతకంలోనే లేదు. గొడుగు తీసుకుని, "పద, దాహంగా ఉంది," అంది.

ఆ ఎండకి కాలవలో చేపలు ఉడికి పులుసైపోతున్నాయి. గుమ్మంలో ఉన్న వీరవేణి శేషసాయిని చూడగానే కొంగు బిగించింది.

"వచ్చావా, షెడ్ల బాబూ! నా కూతురు పుట్టిందిక్కడే, నా పెనిమిటి పోయిందిక్కడే. నువ్వు వెయ్యిసార్లు చెరుపు, ఆ పైసారి నేను రాస్తాను. నా వేలరిగిపోతే నా కూతురి వేలుంది!"

"అది కాదమ్మా, నియమం..."

"నీ నియమాన్ని బిందెత్తుకుని ఒక్కసారి కాలవ దాటి రమ్మను, తెలుస్తుంది. ముందు లోపలికి రా, మాడి మసైపోయేలా ఉన్నావు. మజ్జిగిస్తాను."

శేషసాయి తల వంచి లోపలికి వెళ్ళి, అలికిన నేల మీద చాప వేస్తే కూర్చున్నాడు. చెంబెడు మజ్జిగ ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకుని, ఫోను తీశాడు.

"మీరే చూడండి మేడంగారూ. పునాది లేదు, ఇటుక లేదు, శ్లాబు లేదు. దీన్ని ఇల్లని ఎలా ఒప్పుకోమంటారు?" అంటూ 'షెడ్డు' అన్న మాట నొక్కబోయాడు.

మాణిక్యాంబ లోపలికి రాలేదు. గొడుగు కింద నిలబడే మజ్జిగ తాగుతూ గుమ్మం పక్కకి చూస్తోంది.

"ఈ చెప్పులెవరివి శేషసాయీ?"

"నావేనండి."

"ఎవరు విప్పమన్నారు?"

అతను వీరవేణి వైపు చూశాడు. ఆమె విప్పమనలేదు. వేలు ఫోను మీదికి దిగలేదు, వెనక్కీ రాలేదు.

మాణిక్యాంబ ఖాళీ గ్లాసు వీరవేణి చేతికిచ్చి అంది: "ముందొచ్చి ఇవి తొడుక్కుని మళ్ళీ లోపలికి వెళ్ళు నాయనా. ఆ తరవాత షెడ్డని రాద్దువుగాని."