లంక ఎలుకల నలభై

ఐదేళ్లు పొలంగట్ల వెంట ఎలుకలు పట్టీ పట్టీ, ఆ బుధవారం పొద్దున పైడితల్లి చేతులెత్తేసింది. శనివారంలోగా ఆమె థీసిస్ మీద గైడు జమాలుద్దీన్ మాస్టారి సంతకం పడాలి. పడకపోతే యూనివర్సిటీ రికార్డుల్లోంచి పేరే తీసేస్తారు. గడువు ఇప్పటికి రెండుసార్లు పొడిగించారు. మూడోసారి అడగడానికి లేదు.

రాసిందంతా బాగానే ఉంది, ఒక్క అధ్యాయం తప్ప. ఒడ్డున పొలాల్లో తిరిగే చిట్టెలుకకీ, గోదావరి మధ్య లంకలో ఉండే చిట్టెలుకకీ చూపులకి తేడా లేదు. కణంలో క్రోమోజోములు వీటికీ నలభయ్యే, వాటికీ నలభయ్యే. కానీ రెండింటినీ జత కలిపితే పుట్టిన పిల్లలున్నాయే, అవి పెద్దవయ్యాక వాటికి చాలామటుకు కడుపు నిలవదు. ఎందుకు నిలవదో రాయాలి. మేత మార్చింది, బోను మార్చింది, తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మే ఎండలకి బోనుల్లో ఉన్నవి ఉన్నట్టే చచ్చాయి.

"నా చేతిలోనే ఏదో లోపం ఉంది మాస్టారూ," అంది గదిలోకి వస్తూనే. "నేను పెంచితే బతకవు. ఇంక నావల్ల కాదు."

మాస్టారు ఓదార్చగా చూసినవాళ్లు ఆ డిపార్ట్‌మెంటులో ఎవరూ లేరు. "లంక ఎలుక క్రోమోజోముల ఫోటో ఉందా?" అన్నారంతే.

ఒక్కటంటే ఒక్కటుంది, ఒక ఆడ ఎలుకది. గాజు స్లైడులకి ఎప్పుడూ కటకటే కాబట్టి, మైక్రోస్కోపు కింద లెక్క పెట్టడం అయిపోగానే వాటిని కడిగి మళ్లీ వాడుకోవడం అక్కడి అలవాటు.

ఆయన కత్తెరా తెల్లకాయితమూ ముందుకు జరిపారు. "జతలు కట్టమ్మా."

ఫోటోలోని క్రోమోజోముల్ని ఒక్కొక్కటే కత్తిరించి, పొడవూ చారలూ చూసుకుని, ఏ రెండు ఒకటిలా ఉన్నాయో వాటిని పక్కపక్కన పేర్చడం. మొదటి ఏడాదివాళ్లు చేసే పని. ఇంత చేశాక నాకు ఇదా అని ఒళ్లు మండింది పైడితల్లికి. అయినా కూర్చుంది. చెయ్యి తిరిగిన పనేగా, పద్దెనిమిది జతలు చకచకా అయిపోయాయి. చిన్న పుల్లల్లాంటివి రెండు విడిగా మిగిలాయి. ఇంకా ఒక పొడుగుది ఉంది, మధ్యలో నొక్కుతో. ఆ నొక్కు దగ్గర దాన్ని రెండు ముక్కలు చెయ్యడానికి కత్తెర తెరిచింది.

"దాన్నెందుకు కోస్తున్నావు?"

"ఇవి రెండండీ. స్లైడు మీద తడి ఆరక అతుక్కున్నాయి. నేను రెండు కిందే లెక్క వేస్తాను."

"ఒడ్డు ఎలుకల్లోనూ అతుక్కుంటాయా?"

"లేదండీ, లంకవాటికే. లంకవాటికి ఎప్పుడూ ఇంతే..."

కత్తెర తెరిచింది తెరిచినట్టే ఉంది.

మాస్టారు ఆ పొడుగు ముక్కని ఆమె చేతిలోంచి తీసుకుని, నొక్కు దగ్గర మడిచి కాయితం మీద పెట్టారు. విడిగా మిగిలిన రెండు పుల్లల్నీ తెచ్చి, ఒక్కో సగం పక్కన ఒక్కోటి ఆనించారు. చారకి చార సరిపోయింది.

చుట్టూ నీళ్లున్న ఆ లంకలో, ఏ తరంలోనో, రెండు క్రోమోజోములు కలిసి ఒకటైపోయాయి. తల్లి నుంచి పిల్లకి అలాగే దిగుతూ వచ్చాయి. ఒడ్డు ఎలుకతో కలిసి పుట్టిన పిల్లల్లో ఈ ఒక్కటీ, ఒడ్డువి రెండూ పంపకంలో సరిగా కుదరవు. వాటికి కడుపు నిలవకపోవడానికి కారణం రోజూ ఆమె కంటిముందే ఉంది. పుస్తకంలో నలభై అని ఉంది కదా అని, తనే దాన్ని ప్రతిసారీ రెండుగా లెక్కపెట్టి నలభై నింపింది.

"ముప్పైతొమ్మిది," అంది పైడితల్లి.

"రిజిస్టరు తియ్యి."

లంక ఎలుకలు మొత్తం ఇరవై ఏడు. ఇరవై ఏడింటికీ ఎదురుగా ఆమె చేతిరాతలోనే నలభై. తప్పు పడ్డ అంకెని అక్కడ చెరపకూడదు. కింద అంకె కనబడేలా ఒకే గీత గీసి, పక్కన సరైనది రాయాలి. ఫోటో ఉన్న ఎలుక దగ్గర గీత గీసి ముప్పైతొమ్మిది వేసింది. తర్వాతి వరుసకి పెన్ను దించి అక్కడే ఉండిపోయింది. దీంట్లో అలాంటిది ఒకటుందా, రెండున్నాయా? ముప్పైతొమ్మిదా, ముప్పైఎనిమిదా? స్లైడులన్నీ తన చేత్తోనే శుభ్రంగా కడిగేసింది.

"లంకకెళ్లి మళ్లీ పట్టుకొస్తాను మాస్టారూ," అంది. అన్నాక గుర్తొచ్చింది. మొన్న ఆగస్టు వరదకి ఆ లంక లంకంతా కోసుకుపోయి గోదాట్లో కలిసిపోయింది. దాని మీద ఇప్పుడు పడవలు పోతున్నాయి.

ఐదేళ్లూ పోయాయని అప్పుడు తెలిసిందామెకి. ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

"ఈ ఇరవై ఆరింటికీ ఏం రాయమంటారు?"

మాస్టారు స్కేలు తీసి ఆమె చేతికిచ్చారు.

"గీత గీసి, తెలియదు అని రాయమ్మా. ఒక్కోదానికీ విడిగా రాయి."