దస్తగిరి ఎక్కని బండి

దస్తగిరి జమాల్ బాబా దగ్గరికి తావీజు కోసం వచ్చాడు. మంత్రం రాసి మనిషికి కట్టే తాయెత్తు కాదు, మోటారు సైకిలుకు కట్టేది.

"చైనుకు తుప్పు పడతా ఉంది బాబా. టైర్లు పగుళ్ళిస్తా ఉండాయి. రోజూ తుడుస్తా ఉండా, గాలి కొడతా ఉండా. అయినా చెడిపోతా ఉంది. మీరు ఏదన్నా రాసిస్తే హ్యాండిలుకు కట్టుకుంటా."

దర్గా అరుగు మీద ఉన్న శిష్యుల్లో ఒకడు నవ్వబోయి, బాబా ముఖం చూసి మానుకున్నాడు.

నిజానికి అందులో నవ్వే సంగతేమీ లేదు. ఆ బండి దస్తగిరి తమ్ముడు కుళ్ళాయప్పది. పోయిన వానాకాలం జ్వరం వచ్చి చనిపోయాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, అతని గుర్తుగా మిగిలింది ఆ బండి ఒక్కటే. దూరాలు తిరగాలని ఏరికోరి కొన్నాడు. తీరా చూస్తే దాని మీద గుంతకల్లు దాటి పోయిందే లేదు.

దస్తగిరి దర్జీ. దర్గాల్లో సమాధుల మీద కప్పే చాదర్లు కుడతాడు. చాలా ఏళ్ళుగా బాబాకు శిష్యుడు. నమాజు తప్పడు, నోరు జారడు. తమ్ముడు పోయినప్పుడు కంటతడి కూడా పెట్టలేదు. పరామర్శకు వచ్చి ఏడ్చేవాళ్ళకు తనే నీళ్ళిచ్చి ధైర్యం చెప్పి పంపాడు. శిష్యుడంటే ఇలా ఉండాలని ఊరంతా మెచ్చుకుంది. బాబా మాత్రం ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు తావీజు మాట వినగానే లేచి నిలబడ్డాడు.

"రాయాలంటే రోగిని చూడొద్దా? పా, చూపించు."

మబ్బు పట్టిన మధ్యాహ్నం. ఎండా లేదు, వానా లేదు. దస్తగిరి ఇంటి ముందు రేకుల పంచలో బండి నిలబెట్టి ఉంది. దాని మీద ఆకుపచ్చ శాటిను గుడ్డ, అంచుకు జరీ, మూలలకు కుచ్చులు. బాబా జరీ అంచు పట్టుకుని చూశాడు.

"ఇది నువ్వు కుట్టిందేనా?"

"అవును బాబా. దర్గా ఉరుసు పండక్కి తెప్పించిన గుడ్డే. మంచిది."

"సమాధికి కప్పేది తెచ్చి దీనికి కప్పినావు."

దస్తగిరి జారిన కుచ్చును సర్దాడు.

బాబా చాదరు తీసి, మడత పెట్టి అరుగు మీద ఉంచాడు. కింద ఉన్నది సాదా బండి. కుర్రాళ్ళు వీధి అదిరేలా రొద చేసుకుంటూ తిరిగే రకం కాదు. వెనక సామాను కట్టుకునే ఇనప చట్రం, ముఖానికి గాలి కొట్టకుండా ముందర ఎత్తయిన అద్దం, పెద్ద పెట్రోలు ట్యాంకు. పనికిరాని సొగసు ఒక్కటీ లేదు.

"స్టార్టు అవుతుందా?"

"రోజూ పొద్దున స్టాండు మీదే స్టార్టు చేసి ఆపేస్తా బాబా."

"నడపవా?"

"నడపను. నడిపితే మీటరు తిరుగుతాది." దస్తగిరి బండి ముందుకు వెళ్ళి అద్దం మీద లేని దుమ్ము తుడిచాడు. "వాడు ఆపినప్పుడు ఏ అంకె ఉండెనో ఇప్పుడూ అదే ఉంది. తిరిగిందంటే అది పోతాది. మళ్ళీ రాదు."

పాపం, తమ్ముడి సమాధి దగ్గర నిలబడలేనివాడు రోజూ పొద్దున్నే వచ్చి ఆ అంకెల ముందు నిలబడుతున్నాడు. బాబా ముఖంలో మాత్రం ఏమీ కనిపించలేదు. చెయ్యి చాచాడు.

"తాళం."

"ఎక్కడికన్నా పోవాల్నా బాబా? ఆటో పిలుస్తా."

"తాళం ఇయ్యి."

గురువు రెండోసారి అడిగాక ఇక చేసేదేముంది? ఇచ్చాడు.

బాబా ఈ దారి పట్టకముందు లారీ నడిపిన మనిషి. అంగీ పైకి దోపుకుని బండెక్కాడు, స్టాండు తీశాడు, స్టార్టు చేశాడు.

"వెనక ఎక్కు."

"బాబా, మీటరు..."

"మీ తమ్ముడు కొన్నది బండినా, మీటరునా? ఎక్కు."

దస్తగిరి చెప్పులు విప్పి ఎక్కబోయాడు. బాబా వెనక్కి తిరిగి చూసి, వాటిని వేసుకోమన్నాడు.

బండి కదిలింది. వీధి మలుపు తిరిగేలోపే మీటరులో చివరి అంకె పక్కకు జరిగి కొత్తది దిగింది. బాబా భుజం మీదుగా దస్తగిరి దాన్ని చూశాడు. అయ్యో అని అరిచాడు. బాబాకు వినిపించే ఉంటుంది. వినిపిస్తే ఆపే మనిషి కాదు ఆయన.

ఊరు దాటారు. అటూ ఇటూ వానకోసం చూస్తూ బీడుపడ్డ వేరుశనగ చేలు. గుంతలమయమైన ఆ దారిలో కూడా బండి పెద్దగా కుదపకుండా, తొందర లేకుండా పోతోంది.

"ఇట్లాంటి బండి ఎందుకు కొన్నాడు?" బాబా ముందుకు చూస్తూనే అడిగాడు.

దస్తగిరి గాలిలో వినపడేలా ముందుకు వంగాడు.

"ముసలోళ్ళ బండి తెచ్చుకున్నావని సావాసగాళ్ళు ఎగతాళి చేసినారు బాబా. వాడు లెక్క చెయ్యలేదు. 'అన్నా, ఇది మన చేతికి అందే బండి. పెట్రోలు తక్కువ తాగుతాది. ఏ ఊళ్ళో చెడిపోయినా అక్కడే బాగు చేస్తారు. అజ్మీరు దర్గా దాకా పోయిరావచ్చు, ఇద్దరం పోదాం' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"రంజాన్ కుట్లు అయిపోనీ అన్నా. అవి అయినాక ఉరుసు కుట్లు అన్నా." సీటు అంచు తడిమాడు. "మిషను ముందర కూర్చుని కూర్చుని నాకు నడుం నొప్పి. వానికి తెలుసు. షాపులో ఉన్న బండ్లన్నిటికీ వెనక సీటు మీద కూర్చుని చూసినాడంట. ముందర కాదు బాబా, వెనక. దీనికైతే సీటు వెడల్పు, మా అన్న ఎంత దూరమైనా కూర్చోగలడని చెప్పి తీసుకున్నాడంట. వాడు పోయినాక ఆ షాపాయన చెప్పినాడు నాకు."

"నువ్వెప్పుడన్నా కూర్చున్నావా?"

"ఈ పొద్దే బాబా. ఇదే మొదలు."

ఆ మాట అన్నాక ఇక ఆపుకోలేకపోయాడు. ఊరందరికీ ధైర్యం చెప్పిన మనిషి బాబా వీపుకు తల ఆనించి బావురుమన్నాడు. దారిన గొర్రెలు తోలుకుపోతున్నవాళ్ళు ఆగి చూశారు. బాబా వద్దని అనలేదు, ఊరుకోమనీ అనలేదు. బండిని అదే వేగంతో పోనిచ్చాడు.

పెద్ద రోడ్డు వచ్చింది. ఎడమకు తిరిగితే మళ్ళీ ఊరే. కుడికి తిరిగితే అజ్మీరు వైపు, ఉత్తరాదికి పోయే లారీల వరస. బాబా అక్కడ బండి ఆపి, కాలు నేల మీద ఆనించాడు.

"ఇంక తిప్పండి బాబా, ఇంటికి పోదాం," అన్నాడు దస్తగిరి ముఖం తుడుచుకుంటూ.

"నడుం నొస్తా ఉందా?"

అప్పటిదాకా ఆ సంగతే తోచలేదు దస్తగిరికి. సీటు మీద కొంచెం అటూ ఇటూ జరిగి చూసుకున్నాడు.

"లేదు బాబా."

"అయితే కూర్చో," అని బాబా గేరు వేసి బండిని కుడికి తిప్పాడు.